వెయ్యోవంతు సెకనులో ఎంత వెలుతురు?

ఇండోర్ హాల్లో షటిల్ పోటీ. ఒకే స్మాష్‌కి వరసగా తీసిన మూడు ఫ్రేములు నా ముందున్నాయి. మొదటిదాంట్లో కుర్రాడి తెల్ల చొక్కా తెల్లగానే ఉంది. రెండోదాంట్లో అదే చొక్కా పసుపు నీళ్లలో ముంచినట్టుంది. మూడోదాంట్లో మొహం మీదుగా అడ్డంగా ఓ నల్ల పట్టీ. నేను కెమెరాలో ఏమీ మార్చలేదు. మారింది పైనున్న దీపాలు.

మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే పాత మెటల్ హాలైడ్ దీపాలు, చవక డ్రైవర్లున్న (కరెంటుని సర్ది ఇచ్చే సర్క్యూట్లు) ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు వెలిగి మందగిస్తాయి. కంటికి తెలియదు. షట్టర్, అంటే కెమెరాలో వెలుతుర్ని లోపలికి వదిలే తలుపు, సెకనులో నూరోవంతు తెరిచి ఉంటే ఒక పూర్తి హెచ్చుతగ్గు లోపలికి వచ్చేస్తుంది, ఫ్రేములన్నీ ఒకేలా ఉంటాయి. వెయ్యోవంతుకి తగ్గిస్తే అందులో పదోవంతు ముక్కే దక్కుతుంది. అది వెలుగులో తెగిందా, మసకలో తెగిందా అన్నదాన్నిబట్టి ఫొటో. ఇక ఆ నల్ల పట్టీ సంగతి: వేగం పెంచినప్పుడు షట్టర్ ఒక్కసారిగా మొత్తం తెరుచుకోదు, సన్నని సందులా సెన్సర్ (వెలుతుర్ని పట్టి ఫొటోగా మార్చే పలక) మీదుగా జరుగుతుంది. అది జరిగే కొన్ని మిల్లీసెకన్లలోనే దీపం మందగిస్తుంది. 2014లో వచ్చిన కెనాన్ 7డి మార్క్ 2 దీనికి చక్కని ఉపాయం తెచ్చింది: దీపాల లయ కనిపెట్టి, బాగా వెలిగే క్షణం దాకా ఆగి షట్టర్ వదులుతుంది. మీ కెమెరాలో ఈ ఉపాయం, అంటే యాంటీ ఫ్లికర్, ఉంటే హాల్లో అడుగుపెట్టగానే ఆన్ చేయండి.

మరి నూరోవంతుతోనే సరిపెట్టుకోవచ్చుగా? కుదరదు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో కొట్టిన రికార్డు స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు. ఆ వేగంతో షటిల్ వెయ్యోవంతు సెకనులో 15 సెంటీమీటర్లు దాటి పోతుంది, తన పొడవుకి దాదాపు రెట్టింపు. అందుకే నేను షటిల్‌ని వదిలేసి మనిషిని పట్టుకుంటాను. ఎగిరినవాడు పైకి చేరాక ఒక్క క్షణం నిలిచినట్టే ఉంటాడు. ఆ శిఖరానికి పదోవంతు సెకను ముందు కూడా కేవలం 5 సెంటీమీటర్ల దిగువనే ఉంటాడు. వేలు అక్కడ పడాలి.

గ్రెయిన్, అంటే ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు, ఐఎస్‌ఓ (పట్టిన వెలుతుర్ని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) పెంచడం వల్ల వస్తుందని చాలామంది నమ్మకం. అసలు కారణం వెలుతురు చాలకపోవడం. సన్నటి జల్లులో రెండు గ్లాసులు ఒక్క క్షణం పెట్టి తీయండి. ఒకదాంట్లో తొమ్మిది చుక్కలు, ఇంకోదాంట్లో పన్నెండు. గంటసేపు ఉంచితే తేడా కనబడదు. కాంతి కూడా అలా చుక్కలుగానే పడుతుంది. సెన్సర్ గడిలో సగటున 10,000 ఫోటాన్లు, అంటే కాంతి చుక్కలు, పడితే హెచ్చుతగ్గు 100, అంటే ఒక శాతం. వందే పడితే హెచ్చుతగ్గు పది, అంటే పది శాతం. ఐఎస్‌ఓ చుక్కల్ని పెంచదు, ఉన్నవాటిని పెద్దవి చేసి చూపిస్తుంది.

కాబట్టి డబ్బులుంటే లెన్స్ మీద పెట్టమంటాను. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుతురిస్తుంది. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ ఎఫ్/5.6 దగ్గర ఇచ్చే వెలుతురుకి 85 ఎంఎం ఎఫ్/1.8 దాదాపు పది రెట్లిస్తుంది. ఫ్లాష్ ఊసే వద్దు, అంత వేగంతో వస్తున్న షటిల్‌ని చూస్తున్న కళ్లవి.

ఆ రోజు ఫొటోల్లో నేను దాచుకున్నది ఐఎస్‌ఓ 6400లో తీసిన ఒకటి. నీడలన్నీ ఇసుక చల్లినట్టున్నాయి. రాకెట్ చెరిగిపోయింది. కుర్రాడి కనుబొమ మీది చెమట చుక్క మాత్రం గుండ్రంగా, స్పష్టంగా ఉంది.