వెల్డింగ్ ఎన్ని ఆంపియర్లతో మొదలుపెట్టాలి?

ఇనుము కరగాలంటే దాదాపు 1500 డిగ్రీల వేడి కావాలి, అల్యూమినియానికి 660 చాలు. అయినా టిగ్ వెల్డింగ్‌లో (కరగని టంగ్‌స్టన్ కడ్డీతో చేసే వెల్డింగ్) 3 మిల్లీమీటర్ల అల్యూమినియానికి అంతే మందమున్న ఇనుము కంటే ఎక్కువ కరెంటే పెట్టాల్సి వస్తుంది. అల్యూమినియం వేడిని ఇనుము కంటే కొన్ని రెట్లు వేగంగా పక్కకు లాగేసుకుంటుంది మరి. పైగా దాని మీదుండే సన్నని ఆక్సైడ్ పొర 2000 డిగ్రీలు దాటితేగాని కరగదు. ఆ పొరను చీల్చడానికే ఏసీ కరెంటు వాడతారు.

మన గేట్లు, గ్రిల్స్ చేసే షాపుల్లోని రాడ్డు వెల్డింగ్‌కు లెక్క కాస్త తేలిక. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 30 నుంచి 40 మధ్య అంకెతో గుణిస్తే మొదటి అంచనా దొరుకుతుంది. 12 నంబరు రాడ్డు సుమారు 2.5 మి.మీ. కాబట్టి 75 నుంచి 100 ఆంపియర్లు, 10 నంబరుకు 95 నుంచి 125. పల్చటి పైపయితే 2 మి.మీ. రాడ్డు తీసుకుని 60 లోపే మొదలుపెట్టాలి, లేదంటే చిల్లు పడుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలుతోనే అసలు జాగ్రత్త. మామూలు ఇనుముతో పోలిస్తే ఇది వేడిని మూడో వంతు కూడా పక్కకు పంపలేదు. వేడంతా అతుకు దగ్గరే పేరుకుంటుంది. వ్యాకోచమేమో ఒకటిన్నర రెట్లు, అందుకే షీటు వంకర తిరుగుతుంది. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనబడదు. 450–850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే అందులోని క్రోమియం కార్బన్‌తో కలిసిపోతుంది, తుప్పును ఆపాల్సిన క్రోమియం ఆ అతుకు చుట్టూ తగ్గిపోతుంది. ఎస్.ఎస్. రెయిలింగు అతుకుల దగ్గర తుప్పు పట్టడానికి ఇదొక కారణం. ఇనుముకు పెట్టేదానికంటే కరెంటు 10–20 శాతం తగ్గించి, చెయ్యి ఆపకుండా నడపడం మంచిది.

చేతి వేగం కూడా కరెంటంత ముఖ్యం. 90 ఆంపియర్లు, 24 వోల్టులంటే 2160 వాట్లు, అంటే ఇంట్లో గీజరంత శక్తి. అది వేలి గోరంత చోట పడుతోంది. అక్కడ రెట్టింపు సేపు ఆగితే ప్రతి మిల్లీమీటరుకూ అందే వేడి రెట్టింపవుతుంది.

ఇక పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లలో ఇంటి వోల్టేజీ పడిపోతే కరెంటు కూడా పడిపోతుంది, డయల్ మీది అంకె మాత్రం మారదు. అందుకని అదే లోహం, అదే మందమున్న తుక్కు ముక్క మీద ముందు ఒక బీడ్ (కరిగిన లోహపు గీత) లాగి చూడాలి. రాడ్డు అంటుకుపోయినా, బీడ్ తాడులా ఉబ్బినా 5–10 ఆంపియర్లు పెంచాలి. అంచుల్లో గాడి పడినా, రాడ్డు ఎర్రగా మారినా అంతే తగ్గించి మళ్లీ లాగాలి.