వింత లోహాలు: ప్లస్ టూ పాఠం ఆగిపోయే చోటు

బరంపురం, పర్లాకిమిడి వైపు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది సూపర్‌కండక్టర్ల గురించి, అంటే బాగా చల్లబరిస్తే రెసిస్టెన్స్ అసలే లేకుండా కరెంటును పంపే పదార్థాల గురించి. నేను పనిచేసేది వాటి పొరుగున ఉన్న వింత లోహాల మీద: బాగా చల్లబరిచినా రెసిస్టెన్స్ ఉష్ణోగ్రతతో తిన్నని గీతలోనే మారే పదార్థాలివి. అక్కడే అపోహలు ఎక్కువ.

అపోహ: క్వాంటం క్రిటికల్ పాయింట్ అంటే సూపర్‌కండక్టర్‌గా మారే ఉష్ణోగ్రత.

వాస్తవం: కాదు. అది పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర పదార్థం ఒక దశ నుంచి ఇంకో దశకు మారే చోటు. పీడనమో, అయస్కాంత క్షేత్రమో, మూలకాల పాళ్లో మార్చి అక్కడికి చేరతాం. ఇటర్బియం, రోడియం, సిలికాన్ కలిసిన ఒక స్ఫటికంలో 70 మిల్లీకెల్విన్ల కింద ఏర్పడే అయస్కాంత క్రమం సుమారు 0.06 టెస్లా క్షేత్రానికే చెదిరిపోతుంది. పరమశూన్యాన్ని ఎవరూ అందుకోలేరు. అయినా ఆ బిందువు ప్రభావం పై ఉష్ణోగ్రతల్లోకి విసనకర్రలా విచ్చుకుంటుంది; వింత లోహపు తీరు తరచుగా కనిపించేది అక్కడే. క్యూప్రేట్లలో (రాగి, ఆక్సిజన్ పొరలుండే సూపర్‌కండక్టర్లు) అలాంటి బిందువు ఉందా లేదా అన్న వాదన ఇంకా తెగలేదు.

అపోహ: ఉష్ణోగ్రతతో రెసిస్టెన్స్ సరళరేఖలో పెరిగితే అది వింత లోహమే.

వాస్తవం: అలా అయితే ఇంట్లో వైరింగ్‌లోని రాగి కూడా వింత లోహమే! మామూలు ఉష్ణోగ్రతల్లో దాని గీతా తిన్ననిదే. అక్కడ ఎలక్ట్రాన్లకు అడ్డుపడేవి పరమాణువుల కంపనాలు. బాగా చల్లబరిస్తే అవి అణగిపోయి గీత చదునవుతుంది.

వింత లోహంలో గీత ఎలా ఉంటుందో చూడటానికి మిల్లీమీటరంత స్ఫటికానికి సిల్వర్ పేస్ట్‌తో నాలుగు సన్నటి బంగారు తీగలు అతికిస్తాం. బయటి రెండింట్లో కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తాం. రెండే తీగలు పెడితే అతుకుల రెసిస్టెన్స్ కూడా లెక్కలో కలిసిపోతుంది. కొన్ని క్యూప్రేట్లలో బలమైన అయస్కాంత క్షేత్రంతో సూపర్‌కండక్టివిటీని అణచి ఇలా కొలిస్తే, కొద్ది కెల్విన్ల దాకా గీత వంగదు. లాంథనం-స్ట్రాన్షియం క్యూప్రేట్‌లోనైతే పైకి 1000 కెల్విన్ల దాకా రెసిస్టెన్స్ పెరుగుతూనే ఉంటుంది. ప్లస్ టూ డ్రిఫ్ట్ వెలాసిటీ పాఠంలోలా లెక్కేస్తే, అంత వేడిలో ఎలక్ట్రాన్ రెండు ఢీల మధ్య పోయే దూరం పరమాణువుల మధ్య ఎడం కన్నా తక్కువ వస్తుంది. అంటే ఎలక్ట్రాన్ పరిగెత్తుతూ ఢీకొంటుందనే బొమ్మే అక్కడ చెల్లదు. నన్ను ఈ పనిలో కట్టిపడేసింది ఇదే.

అపోహ: వింత లోహాన్ని చల్లబరిస్తే సూపర్‌కండక్టర్ కావాల్సిందే.

వాస్తవం: సిరియం-రాగి సమ్మేళనంలో కొంచెం బంగారం కలిపితే తిన్నని గీత వస్తుంది, సూపర్‌కండక్టివిటీ మాత్రం కనిపించలేదు.

అపోహ: కరెంటు ఎక్కడైనా విడి కణాల ప్రవాహమే.

వాస్తవం: అలాగైతే సన్నటి తీగలో షాట్ నాయిస్ అనే చిన్న ఒడిదుడుకులు తెలియాలి. పైన చెప్పిన ఇటర్బియం స్ఫటికపు నానోతీగలో అవి మామూలు లోహంలో ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువని 2023లో వెలువడిన ప్రయోగం చూపింది. మరి కరెంటును మోస్తున్నదేమిటి? అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం ఇప్పటికైతే లేదు.