పెద్ద పదాలు రాకపోతే రాయలేమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

రాతప్రతులు దిద్దడం నా పని. "నాకు పదాలు రావండీ, అందుకే రాయలేను" అనే మాట వారానికి ఒకసారైనా వింటాను. అలా అనేవాళ్లు ఫోన్లో చక్కగా, సూటిగా మాట్లాడతారు.

అపోహ: బరువైన పదాలుంటేనే మంచి రాత.

ఎక్కువమందిని దెబ్బతీస్తున్నది ఇదే. నోటితో "స్థలం కొన్నాం" అనేవాళ్లే పెన్ను పట్టగానే "స్థలమును కొనుగోలు చేయడం జరిగింది" అంటారు. మాటలు పెరిగాయి, కొన్నదెవరో మాయమైంది. ఫిర్యాదులో "డబ్బు చెల్లించడం జరిగింది" అని రాస్తే ఎవరు, ఎవరికి, ఎప్పుడు చెల్లించారు? చదివేవాళ్లు మళ్లీ అడగాలి, మీరు మళ్లీ తిరగాలి. 'చేయబడింది', 'ఇవ్వబడింది' కూడా ఇంతే. వాడుక భాషలో రాయాలని గిడుగు రామమూర్తి పంతులు పోరాడి వందేళ్లు దాటినా ఈ భయం పోలేదు.

ఒకావిడ వాళ్లమ్మ గురించి వ్యాసం రాసి తెచ్చారు. అనురాగమూర్తి, త్యాగశీలి, కరుణామయి... మూడు పేజీలు చదివినా ఆ తల్లి నాకు కనబడలేదు. కాగితాలు పక్కన పెట్టి, "అమ్మ ఎలా ఉండేవారో చెప్పండి" అన్నాను. "అమ్మకు చదువు రాదు. మేం చదువుకుంటుంటే పక్కనే పడుకునేది. పేజీ తిప్పిన చప్పుడు కాసేపు వినబడకపోతే లేచి మమ్మల్ని తట్టేది" అన్నారు. ఆ మాటలే రాసి ఆమె ముందు పెట్టాను. "ఇలా కూడా రాయొచ్చా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇన్నేళ్లూ ఆమెను ఆపిన ఆ భయం మీద నాకు ఇప్పటికీ కోపమే.

అపోహ: నిఘంటువు బట్టీ పడితే పదసంపద పెరుగుతుంది.

బట్టీ పట్టింది మళ్లీ చూడకపోతే ఎంత త్వరగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తనమీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే ప్రచురించాడు. కొత్త పదాన్ని వాక్యంతో సహా రాసుకోండి, ఆ వారంలోనే రెండు మూడుసార్లు వాడండి. అంతకంటే ముందు, వచ్చిన పదాలు వదులుకోకండి. ఇప్పుడు అన్నిటికీ 'కట్ చేయడమే'. పువ్వు కోస్తాం, కూరగాయలు తరుగుతాం, చెట్టు నరుకుతాం, గుడ్డ కత్తిరిస్తాం, ఆకు తుంచుతాం, పెన్సిల్ చెక్కుతాం. ఇందులో మీకు తెలియనిది ఏదైనా ఉందా? పదసంపద అంటే ఇదే!

పర్యాయపదాలన్నీ ఒకటేనా? కాదు. దాహమేస్తే నీళ్లు అడుగుతాం, జలం అడగం.

ఇంగ్లిష్ మాట దొర్లితే రాత చెడిపోతుందా? లేదు. బస్సు, టికెట్, టెన్షన్ నిశ్చింతగా రాయండి.

రాసింది ఒకసారి పైకి చదవండి. ఊపిరి చాలని చోట వాక్యాన్ని విరవండి. నోరు తిరగని చోట, అదే సంగతి ఇంట్లోవాళ్లకు ఏ మాటతో చెబుతారో ఆ మాట పెట్టండి.