టికాల్ ఒక్కరోజు యాత్ర: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఉండే మనవాళ్లను బృందాలుగా మధ్య అమెరికాలోని గ్వాటెమాలా తిప్పడం నా పని. ఫ్లోరెస్ దీవిలో బస, తెల్లారగానే వ్యాను, గంటన్నరలో అక్కడి మూలవాసులైన మాయన్ల ప్రాచీన నగరం టికాల్, సాయంత్రానికి వెనక్కి. బయల్దేరే ముందు మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు దాదాపు ఎప్పుడూ ఇవే.

అపోహ: ఎవరి కంటా పడకుండా కారడవిలో గుళ్లు కట్టుకున్నారు.

కట్టినప్పుడు అక్కడ కారడవి లేదు. ఈ ఒక్కటి బుర్రకెక్కితే టికాల్ వేరేగా కనబడుతుంది. 8వ శతాబ్దంలో అది వేలమంది బతికిన రాజధాని. చెట్లు కొట్టి, నడిబొడ్డున నేలంతా సున్నపు గచ్చు చేసి, గుళ్లకు ఎర్రరంగు వేశారు. ఇప్పుడు మనం ఫోటోలు తీసుకునే వేళ్లూ నాచూ ఊరు ఖాళీ అయ్యాక వెయ్యేళ్లలో వచ్చి చేరినవే. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి చేసిన లైడార్ సర్వే ఫలితాలు 2018లో బయటికొచ్చాయి. ఉత్తర గ్వాటెమాలాలో 2,100 చదరపు కిలోమీటర్ల మేర చూస్తే అడవి కింద 60 వేలకు పైగా కట్టడాలు తేలాయి. కాలిబాట పక్కన మట్టిదిబ్బ కనిపిస్తే తొక్కుకుంటూ పోకండి, ఎవరిదో ఇల్లు అయ్యుండొచ్చు.

ఇంత ఊరికీ దగ్గర్లో నది లేదు. గచ్చు నేలను వాలుగా వేసి వాననీళ్లను జలాశయాల్లోకి మళ్లించారు. కాకతీయుల చెరువులు చూసి పెరిగినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. కోరియెంటల్ అనే జలాశయంలో నీళ్లు వడకట్టడానికి జియోలైట్ అనే ఖనిజం, స్ఫటిక ఇసుక వాడిన ఆనవాళ్లు దొరికినట్టు 2020లో పరిశోధకులు ప్రకటించారు. చాలామంది గైడ్లు ఆ పల్లాల పక్కనుంచి ఒక్కమాటైనా చెప్పకుండా దాటించేస్తారు. బలుల కథ చెప్పడానికి మాత్రం అరగంట ఉంటుంది!

అపోహ: ఇదంతా మయుడి సంతతి పని. కాకపోతే గ్రహాంతరవాసులది.

మన దేశం నుంచి వలస వెళ్లినవాళ్లయితే వరి గింజో, ఆవో, ఇనుప ఉలో, ఏదో ఒకటి వెంట పోవాలిగా? తవ్వకాల్లో అవేవీ లేవు. అక్కడి రాయి సున్నపురాయి, చెకుముకిరాతి పనిముట్లకు లొంగుతుంది. బండి లాగే పశువులు లేవు కాబట్టి బరువంతా మనుషులే మోశారు. అసలు రాకపోకలు జరిగింది తర్వాతెప్పుడో, అదీ తిరుగుదిశలో. మిరపకాయ, బొప్పాయి, సపోటా అమెరికా ఖండాల నుంచి యూరోపియన్ల ఓడలెక్కి మనదాకా వచ్చాయి. టికాల్ పెద్ద గుళ్ల ద్వారబంధాల పైన అడ్డంగా వేసిన దూలాలు కూడా చాలావరకు సపోటా చెక్కే. నాలుగో గుడిలో అద్భుతంగా చెక్కినవి 1870లలోనే స్విట్జర్లాండ్ తరలిపోయాయి. వాటిని చూడాలంటే బాసెల్ వెళ్లాలి.

అపోహ: మాయన్లు ఉన్నట్టుండి అంతరించిపోయారు.

టికాల్‌లో తేదీ చెక్కిన చివరి శిల 869 నాటిది. కరువులు, యుద్ధాలు, కూలిన రాజ్యాలు కలిసి జనాన్ని తరిమాయి గానీ, జాతిని తుడిచేయలేదు. మీరు రాత్రి పడుకునే ఫ్లోరెస్ దీవే ఒకప్పుడు ఇట్జా తెగ మాయన్ల రాజధాని. స్పెయిన్ సైన్యం దాన్ని పట్టుకున్నది 1697లో, అంటే మన గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయిన పదేళ్లకు. నేటి గ్వాటెమాలాలో పదిమందిలో నలుగురు మాయన్లే. మీ వ్యాను డ్రైవరు ఇంట్లో మాట్లాడేది కెక్చీ అనే మాయన్ భాష కావచ్చు. అతని పక్కన కూర్చుని "పాపం, అంతరించిన జాతి" అని నిట్టూర్చకండి.

అపోహ: 2012లో లోకం ముగుస్తుందన్నది వాళ్లే.

అనలేదు. ఆ డిసెంబరు 21న వాళ్ల కాలగణనలో 13 బక్తూన్ల (ఒక్కో బక్తూన్ సుమారు 394 ఏళ్లు) చుట్టు పూర్తయింది, అంతే. మరో మాయన్ నగరం పాలెంకేలోని ఒక శాసనం క్రీ.శ. 4772 దాకా లెక్క వేసింది.

అపోహ: సూర్యోదయం చూడకపోతే టికాల్ చూడనట్టే.

దానికి వేరే టికెట్, చీకట్లో నడక, సుమారు 65 మీటర్ల నాలుగో గుడి పైకి చెక్కమెట్లు. ఇంతా చేస్తే ఎక్కువ రోజులు కనిపించేది పొగమంచే. హౌలర్ కోతుల అరుపులు మాత్రం వినాల్సిందే. తొలిసారి విన్నవాళ్లు జాగ్వార్ అనుకుని పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటారు. కానీ ఆ అరుపులు గేటు తెరిచాక, ఆరు గంటలకు వెళ్లినా వినిపిస్తాయి. పిల్లలూ పెద్దలూ ఉంటే నేను అదే చెబుతాను. పోస్టర్ల మీద కనిపించే మొదటి గుడి ఎక్కనివ్వరు, దాని ఎదురుగా ఉన్న రెండో గుడికి పక్కన మెట్లున్నాయి.

అపోహ: శాకాహారులు పస్తులే.

అన్నం, నల్ల చిక్కుడు గింజలు, మొక్కజొన్న టోర్టియా, అవకాడో ఎక్కడైనా దొరుకుతాయి. చిక్కల్లా ఆ గింజలను పందికొవ్వులో వేయించడం. "సిన్ మాంటెకా" (కొవ్వు లేకుండా) అని ముందే చెప్పండి. పులిహోర తెచ్చుకున్నా పర్లేదు, కానీ డబ్బా మూత తీశారో, పొడుగు ముక్కుతో, నిలబెట్టిన తోకలతో పిసోటెలనే అడవి జంతువుల గుంపు చుట్టుముడుతుంది. ముద్దొచ్చినా పెట్టకండి, మరిగితే కరుస్తాయి.