ఫ్లోరైడ్ నీళ్లు: సీసాలతో పాటు ల్యాబుకు వచ్చే అపోహలు

నల్లగొండలో నీళ్లు పరీక్షించే ల్యాబులో కెమిస్టుగా పద్నాలుగేళ్లు గడిచాయి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చేవాళ్లు సీసాలో బోరు నీళ్లతో పాటు ఒక మాట కూడా మోసుకొస్తారు. "సైంటిస్టులు తేల్చిండ్రట గద సారూ" అని మొదలవుతుంది అది. చాలాసార్లు అది పూర్తి అబద్ధమేమీ కాదు. ఎక్కడో ఎవరో నిజంగానే పరిశోధన చేసి ఉంటారు. కాకపోతే ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఎవరి మీద అన్న ముక్కలు ఊరికి చేరేలోపు దారిలో రాలిపోతాయి. నాకు ఎక్కువగా వినపడేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుంది.

పోదు, పెరుగుతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లలో కరిగిన లవణం, ఆవిరితో పాటు లేచిపోదు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నాలుగు లీటర్ల నీళ్లను మూడు లీటర్లయ్యేదాకా కాచారనుకోండి, అది 2.7 దగ్గరికి చేరుతుంది. డాక్టరు కాచి తాగమన్నది విరేచనాల గురించి. దాన్ని ఫ్లోరైడ్‌కు కూడా అంటగట్టేశారు.

అపోహ: చింతపండు తింటే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే రోగం) నయమవుతుందని పరిశోధనలో తేలింది.

దీని మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే దీని వెనక మంచి పని ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. 18 మంది మగపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు అన్నంతో ఇచ్చి, మూత్రంలో ఎంత ఫ్లోరైడ్ పోతోందో కొలిచారు. మామూలు కన్నా ఎక్కువే పోయింది. 2004లో ఫ్లోరైడ్ ప్రాంతపు పిల్లలతో మరో అధ్యయనం వచ్చింది. అందులో ఆ పిల్లలకు ముందుగా ఫ్లోరైడ్ తగ్గించిన నీళ్లు అందాయి. చింతపండు దాని మీద అదనపు మేలు. వంగిన ఎముక నిటారుగా అయిందని ఆ రెండింటిలో ఎవరూ అనలేదు.

మన దగ్గరికి వచ్చేసరికి "మంచినీళ్లు ఇచ్చాక" అన్న ముక్క ఎగిరిపోయింది. ఒక పెద్దాయన రోజూ రెండు పూటలా చింతపులుసు తాగుతున్నానని ధీమాగా చెప్పాడు. ఆ పులుసు ఏ నీళ్లతో కలుపుతున్నారని అడిగాను. "ఇంకేం నీళ్లు, మా బోరు నీళ్లే" అన్నాడు. ఆయన తెచ్చిన సీసాలో లీటరుకు 3.4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వచ్చింది. ఒక చేత్తో తోడిపోస్తూ ఇంకో చేత్తో నింపుకుంటున్నట్టు. చింతపండు మానమని నేను చెప్పలేదు. తెలంగాణలో చారు మానమంటే ఎవరు వింటారు? నీళ్లు మాత్రం మార్చమన్నాను.

అపోహ: జొన్న రొట్టె తింటే ఫ్లోరైడ్ ఒంట్లో నిలిచిపోతుంది, మానేయాలి.

ఇదీ గాల్లోంచి పుట్టింది కాదు. బియ్యం తిన్నప్పటికన్నా జొన్న తిన్నప్పుడు శరీరంలో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తోందని 1977లో ఒక అధ్యయనం ప్రచురితమైంది. కానీ నిలవడానికి ముందు ఆ ఫ్లోరైడ్ లోపలికి రావాలి కదా, అది వచ్చేది ప్రధానంగా నీళ్లలోంచే. మంచినీళ్లు తాగే ఇంట్లో జొన్న రొట్టెను భయపడి మానేయడం నాకు అర్థం కాని సంగతి. అదే మాట చెప్పినవాళ్లు మధ్యాహ్నం మూడు గ్లాసుల టీ డికాక్షన్ తాగుతారు. తేయాకు ఫ్లోరైడ్‌ను బాగా పీల్చుకునే మొక్క అని చెబితే మాత్రం నవ్వుతారు.

అపోహ: బిందెలో పటిక తిప్పితే చాలు, అదే నల్లగొండ టెక్నిక్.

మన జిల్లా పేరుతో ఒక పద్ధతి ఉందని మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) దీన్ని రూపొందించింది. తర్వాత కెన్యా, టాంజానియా దాకా వెళ్లింది. పటిక, సున్నం, క్లోరిన్ కోసం బ్లీచింగ్ పౌడర్ వేసి, మొదట వేగంగా, తర్వాత మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచాలి. తెల్లటి మడ్డి కిందకి దిగాక పైనీళ్లు వంపుకోవాలి. పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్‌నూ క్షారతనూ బట్టి ఉంటుంది. లీటరుకు వందల మిల్లీగ్రాములు పడుతుంది. మట్టి నీళ్లు తేరడానికి పటిక ముక్కను రెండుసార్లు తిప్పితే అందులో చాలా కొద్ది భాగం కూడా కరగదు. పైగా ఎక్కువ తక్కువైతే అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతుంది. ఇది ఇంట్లో అందాజుగా చేసే పని కాదని నా అభిప్రాయం.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక ఊరి వాళ్లు పటిక వేసిన నీళ్లు తెచ్చారు. రంగు మారే రసాయనంతో చేసే పరీక్షలో 1 లోపే వచ్చింది. బాగున్నాయని రాసిచ్చాను. ఆ పరీక్షకు అల్యూమినియం అడ్డం పడుతుంది. ఫ్లోరైడ్‌ను తను పట్టేసుకుని, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఆ సంగతి పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. ఎదురుగా సీసా ఉన్నప్పుడు గుర్తు రాలేదు. తర్వాత ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ పరికరంతో చేస్తే 2 దాటింది. నేనే ఆ ఊరికి వెళ్లి చెప్పి వచ్చాను. అప్పటి నుంచి సీసా తీసుకోగానే నా మొదటి ప్రశ్న "ఇందులో ఏమన్నా కలిపారా?"

అపోహ: 1.5 దాటితే విషం, దాటకపోతే అమృతం.

మన భారతీయ ప్రమాణంలో రెండు అంకెలున్నాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు సరే, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం కూడా 1.5. అయితే ఎంత నీళ్లు తాగుతారన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుని దేశాలు తమ ప్రమాణం పెట్టుకోవాలని ఆ సంస్థే చెబుతుంది. ఎండాకాలం నాంపల్లిలో పత్తి చేనులో, ఉపాధి పనిలో ఉన్న మనిషి ఆరు లీటర్లు తాగుతాడు. 1.5 ఉన్న నీళ్లయితే రోజుకు 9 మిల్లీగ్రాములు. ఏసీ గదిలో రెండు లీటర్లు తాగే మనిషికి 3. సీసాపై అంకె ఒకటే, ఒంట్లోకి వెళ్లేది మూడింతలు. వేడి ప్రాంతాల్లో జనం ఎక్కువ తాగుతారు కాబట్టి నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువుండాలని 1957లోనే అమెరికాలో ఉష్ణోగ్రతను బట్టి లెక్క కట్టారు. అందుకే నా దగ్గర 1.3 వచ్చినా, ఏం పని చేస్తారని అడుగుతాను.

అపోహ: పళ్లు తెల్లగా ఉన్నాయి, నాకేం కాలేదు.

పంటి మీద పసుపు, గోధుమ రంగు చారలు పన్ను చిగురు లోపల తయారవుతున్న చిన్న వయసులోనే పడతాయి. పెళ్లయి ఇక్కడికొచ్చిన కోడలి పళ్లు ఎప్పటికీ తెల్లగానే ఉండొచ్చు. కానీ ఒంట్లో మిగిలే ఫ్లోరైడ్ దాదాపు అంతా ఎముకల్లోనే చేరుతుంది. అది ఏ వయసులోనైనా జరుగుతుంది.

పక్కింటి బోరు బాగుంది కాబట్టి మాదీ బాగానే ఉంటుందనేవాళ్లూ ఉన్నారు. మన కింద ఉన్నది గ్రానైటు. ఏ పగులులోంచి ఏ నీళ్లు వస్తాయో ఇంటికో తీరు. ఒకే వాడలో 0.8, 3.1 చూశాను.

అపోహ: పరిశోధకులొచ్చి రక్తం, మూత్రం, నీళ్లు పట్టుకుపోయి పేపర్లు రాసుకున్నారు, మనకు ఒరిగిందేముంది?

ఈ కోపం న్యాయమైనదే. తన దగ్గర తీసుకున్న నమూనా ఫలితం ఏమిటో తిరిగొచ్చి చెప్పినవాళ్లు తక్కువని మర్రిగూడ వైపు ఎవరైనా అంటే నేను వాదించను. పరిశోధకులు సిగ్గుపడాల్సిన విషయమే అది.

అయినా వెనక్కి వెళ్లి చూస్తే తెలుస్తుంది. మన దేశంలో ఈ రోగాన్ని మొదట శాస్త్రీయంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా దర్శి ప్రాంతం నుంచి. అంతకుముందు నడుము వంగినవాళ్లను వాతం అనీ, చేసుకున్న పాపం అనీ అనేవాళ్లు. 1973లో పోషకాహార సంస్థ వాళ్లు మన పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంగిపోవడాన్ని ఫ్లోరైడ్ ప్రాంతపు రోగంగా లాన్సెట్ పత్రికలో రాశారు. దాంతో నీళ్లకు, కాళ్లకు ఉన్న లంకె కాగితం మీదికి వచ్చింది. కాగితం ఉన్నంతమాత్రాన నల్లా రాలేదు. 1996లో ఈ ఫ్లోరైడ్ గోడు అందరికీ తెలియాలని నిరసనగా జనం నామినేషన్లు వేయడంతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. ఎన్నికల సంఘం బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చేయాల్సి వచ్చింది. ఆ ఉద్యమం చేసినవాళ్ల చేతిలో "మా నీళ్లలో ఇంత ఉంది" అన్న అంకె ఉంది. ఆ అంకె ఎవరో ఒకరు కొలిస్తేనే వచ్చింది.

అపోహ: మిషన్ భగీరథ (ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే ప్రభుత్వ పథకం) నీళ్లొచ్చాయి, ఇక టెస్టులెందుకు?

2015లో చౌటుప్పల్ దగ్గర పైలాన్ వేసినప్పటి సంబురం నాకు గుర్తుంది. నల్లా నీళ్ల నమూనాల్లో ఫ్లోరైడ్ తక్కువే వస్తోంది, నిజం. కానీ నల్లా రాని రోజు మళ్లీ బోరే. తాగడానికి నల్లా నీళ్లు, పప్పు ఉడకడానికి బోరు నీళ్లు వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పప్పు, బియ్యం తాము పీల్చిన నీళ్లతో పాటు ఫ్లోరైడ్‌నూ పీల్చుకుంటాయి. ఆర్‌వో నీళ్లు తాగేవాళ్లు కూడా ఈ వంట సంగతి మరిచిపోతారు.

నమూనా తెచ్చేవాళ్లకు: గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే తేవాలి. అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, బోరు కాసేపు నడిచాక పట్టాలి. సీసా మీద ఊరు, ఎవరి బోరు, ఏ తేదీ రాయండి. మొన్న ఒకే సంచిలో ఐదు సీసాలొచ్చాయి. ఐదింటి మీదా "మా బోరు" అనే ఉంది.