సూర్యుడి మీద నడిచింది చెరువు అలా, కాలువ నీళ్లా?

అనంతపురం దగ్గర శింగనమల చెరువు కట్ట మీద నిలబడి రాయి విసరండి. అల బయలుదేరుతుంది. దారిలో తేలుతున్న ఎండుటాకు కాస్త ఊగి దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కట్ట దగ్గరైతే అల తగిలి వెనక్కి మళ్లుతుంది. తుంగభద్ర ఎగువ కాలువకు నీళ్లు వదిలిన రోజు తీరు వేరు. పుల్లలనూ నురగనూ నెట్టుకుంటూ నీటి మొనే ముందుకు వస్తుంది. దూరం నుంచి చూసేవాడికి రెండూ కదిలే గీతలే. సూర్యుడి మీద కనిపించిన గీత ఈ రెండింటిలో ఏ రకమన్నది ఏళ్లతరబడి సాగిన తగవు.

1960లో అమెరికాలో గెయిల్ మోర్టన్, సౌరజ్వాల (సూర్యుడి మీద ఒక్కసారిగా ఎగసే వెలుగు) దగ్గర పుట్టి సెకనుకు వెయ్యి కిలోమీటర్ల దాకా వేగంతో వర్ణమండలంలో, అంటే సూర్యుడి వాతావరణపు కింది పొరలో, దూసుకుపోయే అలలను గుర్తించాడు. ఆ పొరలో అంత వేగం పొసగదు. అసలు అల పైనున్న కరోనా అనే వెలుపలి పొరలో అయస్కాంత క్షేత్రాన్నీ ప్లాస్మానూ (విద్యుదావేశమున్న వేడి వాయువునూ) కలిపి నొక్కుతూ పోతోందని, కింద కనిపించేది దాని అంచు తాకిడేనని 1968లో జపాన్ శాస్త్రవేత్త ఉచిడా వివరించాడు.

1997 మే 12న సూర్యుణ్ణి గమనించే సోహో వ్యోమనౌకలోని ఈఐటీ అనే టెలిస్కోపుకు కరోనాలో విప్పారే వెలుగు వలయం చిక్కింది. ఉచిడా చెప్పిన అల ఇదేనని చాలామంది అనుకున్నారు. అయితే దాని వేగం సెకనుకు 250 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంది. తర్వాత దొరికిన కొన్ని వలయాలు వంద కూడా దాటలేదు. కరోనాలో ధ్వనే సెకనుకు 150 కిలోమీటర్లకు పైగా పోతుంది, ఉచిడా అల అంతకన్నా నెమ్మదించదు. పైగా కొన్ని వలయాలు ఒకచోట ఆగి కదలలేదు. అది అల కాదు, సూర్యుడి మీది విస్ఫోటనానికి అయస్కాంత రేఖలు పక్కకు జరిగిన గుర్తు, అంటే కాలువ నీటి తరహాదే అని 1999లో డెలానే, ఓలానియే అనే శాస్త్రవేత్తలు వాదించారు. రేఖలు ఒకదాని తర్వాత ఒకటి రబ్బరులా సాగడం వల్ల నెమ్మది గీత కనిపిస్తుందని, దానికి ముందు అసలైన అల సుమారు మూడు రెట్ల వేగంతో పోతుందని 2002లో చైనా శాస్త్రవేత్త చెన్ బృందం లెక్కగట్టింది.

ఈ తగవు ఇంతకాలం సాగడానికి నేను ముందుగా తప్పుపట్టేది కెమెరానే. ఈఐటీ బొమ్మకూ బొమ్మకూ మధ్య పన్నెండు నిమిషాలకు తక్కువ కాని ఎడం. అంతలో సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో పోయే అల 7,20,000 కిలోమీటర్లు, అంటే సూర్యుడి వ్యాసార్ధాన్ని మించిన దూరం, దాటిపోతుంది. బొమ్మల్లో మిగిలేది నెమ్మదిగా నడిచేదే.

2010లో వెళ్లిన ఎస్‌డీఓ అనే సూర్య పరిశోధక వ్యోమనౌక పన్నెండు సెకన్లకో బొమ్మ తీసింది. అదే ఏడాది జులై 27 నాటి ఘటనలో ముందు వేగమైన గీత, వెనుక నెమ్మది గీత వేరువేరుగా కనబడ్డాయి. అంతకుముందే 2007 మే 19న స్టీరియో అనే జంట వ్యోమనౌకలు తీసిన చిత్రాల్లో కరోనా రంధ్రం (కరోనాలో మసకగా కనిపించే ప్రాంతం) అంచుకు తగిలి గీత వెనక్కి మళ్లడాన్ని కొందరు చూపారు. కాలువ నీటి మొన అలా మళ్లదు. ఇప్పుడు ఎక్కువమంది రెండూ ఉన్నాయనే అంటున్నారు. ముందు పోయేది అల అన్నదాని మీద పెద్దగా పేచీ లేదు. వెనుక గీత ఎలా పుడుతుందన్న దగ్గరే ఇంకా మాటామాటా నడుస్తోంది.