పంటి ఫిల్లింగ్‌లో ఒక చిన్న చెరువు

నల్లగొండ జిల్లా నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిదేళ్ల కొడుకుకు దవడ పన్ను పుచ్చింది. గ్లాస్ అయనోమర్ అనే, ఫ్లోరైడ్‌ను వదిలే సిమెంటుతో నింపుతానని దంతవైద్యురాలు చెప్పారు. "మా ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాను. నా బిడ్డ నోట్లో మళ్లీ దాన్నే ఎందుకు పెట్టించుకోవాలి?" అని ఆమె అడిగారు. ఆ భయం పూర్తిగా న్యాయమైనది. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మన దేశంలో వైద్యులు తొలిసారి వివరంగా నమోదు చేసింది 1937లో, అదీ అప్పటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతంలోనే. ఆమె ప్రశ్నకు జవాబు ఉంది. అయితే ముందు ఆ సిమెంటు లోపల ఏం జరుగుతుందో చూడాలి. దంతవైద్యంలో నన్ను ఇంతగా ఆకట్టుకున్న పదార్థం మరొకటి లేదు.

శరీరంలో అన్నిటికన్నా గట్టిది పంటి ఎనామెల్ అని బడిలో చెబుతారు. అక్కడితో పాఠం ఆపేయడం నాకు బాధగా ఉంటుంది. ఆ గట్టి పదార్థం రోజూ కొంత కరిగి, మళ్లీ కొంత పేరుకుంటూ ఉంటుందన్న సంగతి తెలియకపోతే పుచ్చు ఎందుకు వస్తుందో ఎప్పటికీ అర్థం కాదు. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పంటి మీది బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. అక్కడి పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ బయటికి పోవడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని తిరిగి చేర్చడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. ఈ రాకపోకల్లో పోయేది ఎక్కువై, వచ్చేది తక్కువైతే పన్ను పుచ్చుతుంది. వాకుడు గింజల పొగ పట్టి పంటిలోని పురుగులను రాల్చామని చూపించేవాళ్లను నమ్మి, ఇప్పటికీ కొందరు నెలల తరబడి వైద్యం వాయిదా వేస్తున్నారు. పన్ను తినే పురుగు లేనే లేదు. ఆ నెలల్లో ఆమ్లం మాత్రం పంటి నరం దాకా వెళ్లిపోతుంది.

పుచ్చిన భాగాన్ని తీసేసి నింపినంత మాత్రాన కథ ముగియదు. ఫిల్లింగులు మార్చవలసి రావడానికి ముఖ్య కారణాల్లో ఒకటి వాటి అంచున మళ్లీ పుచ్చడం. పంటి రంగులో ఉండే కాంపోజిట్ రెసిన్ నీలి కాంతి తగిలి గట్టిపడేటప్పుడు పరిమాణంలో రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు అంచు ఎక్కడైనా ఊడితే, బ్రష్షు చేరలేని సందులో బాక్టీరియా కాపురం పెడతాయి.

ఇక్కడొక పాత పరిశీలన ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ముందు పళ్లకు సిలికేట్ సిమెంటు వాడేవారు. అది కొన్నేళ్లకే కరిగిపోయి, రంగు మారి పాడయ్యేది. కానీ పాడైన ఆ సిమెంటును తీసి చూస్తే చుట్టూ ఉన్న పన్ను చాలాసార్లు చెక్కుచెదరకుండా కనిపించేది. సిమెంటు పొడి గాజుతో చేసింది. గాజు తక్కువ వేడికే కరగాలని తయారీదారులు అందులో ఫ్లోరైడ్ లవణాలు కలిపేవారు. కొలిమి సౌకర్యం కోసం వేసిన ఆ ఫ్లోరైడే పంటికి కాపలా కాసింది. ఎవరూ దాన్ని ఆ పని కోసం వేయలేదు.

లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ 1960ల చివర్లో ఈ సిమెంటును కొత్తగా ఆలోచించారు. పాత సిమెంటు పొడిలో కలిపే ఫాస్ఫారిక్ ఆమ్లం బదులు, గొలుసుల్లాంటి పొడవాటి అణువులున్న పాలీయాక్రిలిక్ ఆమ్లం తీసుకుని, దానికి తగిన గాజును తయారుచేశారు. అదే గ్లాస్ అయనోమర్ సిమెంటు, దంతవైద్యులు క్లుప్తంగా జీఐసీ అనేది. గాజులో సిలికాన్ ఉండాల్సిన కొన్ని చోట్ల అల్యూమినియం కూర్చుంటుంది. దానివల్ల గాజు అల్లికలో రుణావేశం ఏర్పడుతుంది, ఆమ్లం దాడి చేయడానికి అక్కడే చోటు దొరుకుతుంది. పొడినీ ద్రవాన్నీ కలపగానే గాజు రేణువుల పైపొర నుంచి కాల్షియం, అల్యూమినియం, సోడియం, ఫ్లోరైడ్ అయాన్లు బయటికి వస్తాయి. కాల్షియం కొన్ని నిమిషాల్లోనే పొడవాటి ఆమ్ల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అల్యూమినియం నెమ్మదిగా, ఒక రోజు దాకా, ఆ ముడులను మరింత బిగిస్తుంది. అవే ఆమ్ల గొలుసులు పంటిలోని కాల్షియాన్ని కూడా పట్టుకుంటాయి కనుక వేరే జిగురు లేకుండానే సిమెంటు పంటికి అతుక్కుంటుంది. తొలి సిమెంటు గట్టిపడటంలో మందకొడిగా ఉండేది. టార్టారిక్ ఆమ్లం కొద్దిగా చేర్చాక వైద్యుడికి కలిపి నింపే వ్యవధి దొరికింది, ఆ తర్వాత చప్పున గట్టిపడటమూ సాధ్యమైంది. మన చింతపండుకు పులుపునిచ్చేది ఆ ఆమ్లమే.

ఇంత నిర్మాణంలో ఫ్లోరైడ్‌కు బరువు మోసే పని లేదు. గొలుసులను ముడివేసేవి కాల్షియం, అల్యూమినియం మాత్రమే. అందుకే ఈ సిమెంటును నేను చెరువుగా ఊహించుకుంటాను. నీరు తగ్గినంత మాత్రాన కట్ట కూలదు, ఫ్లోరైడ్ బయటికి పోయినంత మాత్రాన సిమెంటు బలహీనపడదు. నింపిన మొదటి ఒకటి రెండు రోజులు చెరువు అలుగు పారుతుంది, అంటే అప్పుడే వదులైన ఫ్లోరైడ్ ఒక్కసారిగా వస్తుంది. ఆ తర్వాత మిగిలేది కట్ట కింది ఊట. గాజు రేణువుల లోపలి నుంచి అయాన్లు మెల్లగా ప్రాకుతూ వస్తాయి. ఈ దశలో బయటికి వచ్చిన మొత్తం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. అంటే మొత్తం రెట్టింపు కావాలంటే నాలుగింతల కాలం పట్టాలి. ఊట అంత నెమ్మది కాబట్టే ఏళ్ల తరబడి ఆగదు. దాని ఆయకట్టు చాలా చిన్నది, ఫిల్లింగ్ అంచునూ దానికి తగిలే పక్క పంటినీ మించి పెద్దగా పోదు. మళ్లీ పుచ్చు మొదలయ్యేదీ ఆ అంచునే.

చెరువుకు వాన కూడా ఉంది. ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోముకున్నప్పుడు నోటిలో ఫ్లోరైడ్ గాఢత ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు ప్రవాహం దిశ మారి కొంత ఫ్లోరైడ్ సిమెంటులోకి ఎక్కుతుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. తొలిసారి నిండినంతగా మళ్లీ నిండదు. సిమెంటు పాతబడేకొద్దీ పట్టే నీరు తగ్గుతుంది కూడా. ఒక్క విషయంలో మాత్రం ఈ సిమెంటు ఏ చెరువూ చేయలేని పని చేస్తుంది. కరువు వచ్చినప్పుడు దాని తూము దానంతట అదే తెరుచుకుంటుంది. నోటిలో ఆమ్లం పెరిగితే సిమెంటు పైపొర కొద్దిగా కరిగి, ఫ్లోరైడ్ విడుదల పెరుగుతుంది. అవసరం ఎక్కువైన ఆ క్షణంలోనే!

ఆ ఫ్లోరైడ్ చేసే పనులు రెండు. ఎనామెల్ తిరిగి పేరుకునేటప్పుడు దాని ఖనిజంలోని హైడ్రాక్సిల్ స్థానంలో కూర్చుని ఫ్లోరపటైట్ అనే మరింత గట్టి ఖనిజాన్ని ఏర్పరుస్తుంది. అది కరగాలంటే పీహెచ్ ఇంచుమించు 4.5 దాకా పడిపోవాలి. రెండో పని బాక్టీరియా లోపల. ఆమ్ల వాతావరణంలో ఫ్లోరైడ్‌లో కొంత హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారుతుంది. ఆవేశం లేని అణువు కనుక కణపు పొరను సులువుగా దాటుతుంది. లోపల ఆమ్లత తక్కువ కాబట్టి మళ్లీ రెండుగా విడిపోతుంది. హైడ్రోజన్ అయాన్ కణాన్ని ఆమ్లీకరిస్తుంది, ఫ్లోరైడ్ చక్కెరను విరగ్గొట్టే ఎనొలేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. బాక్టీరియా తాను తయారుచేసిన ఆమ్లంతోనే ఫ్లోరైడ్‌కు లోపలికి దారి తీస్తుంది.

ఇక నల్లగొండ ప్రశ్న. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రోజుకు 2 లీటర్లు తాగితే 8 మిల్లీగ్రాములు కడుపులోకి పోతాయి, అదీ ఏళ్ల తరబడి. ఎముకలను వంచింది ఆ మోతాదు. తొలి అలుగు దాటాక ఒక ఫిల్లింగ్ నుంచి రోజుకు వచ్చేది మైక్రోగ్రాముల లెక్క, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల లెక్క. ఆమె జాగ్రత్త పడాల్సింది తాగునీటి విషయంలో, పిల్లవాడు పేస్టు మింగే విషయంలో. మన దేశ నిబంధనల ప్రకారం టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ పది లక్షల భాగాలకు 1000 భాగాలు మించకూడదు. ఆ వయసు పిల్లలకు బఠాణీ గింజంత పేస్టు చాలు, తోమాక ఉమ్మించాలి. ఫిల్లింగ్ గురించి ఆమె నిశ్చింతగా ఉండవచ్చు.

ప్రయోగశాలలో కనిపించినంత స్పష్టంగా రోగుల నోళ్లలో ఫలితం ఎప్పుడూ కనిపించలేదని కూడా చెప్పాలి. ఫ్లోరైడ్ పేస్టు క్రమంగా వాడేవారిలో సిమెంటు వల్ల అదనపు లాభం చూపడం కష్టమైంది. వారికి వాన రోజూ కురుస్తూనే ఉంది కదా. లాభం బాగా కనిపించింది తల, మెడ కాన్సర్లకు రేడియేషన్ తీసుకుని, లాలాజలం ఎండిపోయినవారిలో. వారిలో ఫ్లోరైడ్ జెల్ సరిగా వాడనివారికి కాంపోజిట్ చుట్టూ పన్ను పుచ్చింది. గ్లాస్ అయనోమర్ కొందరిలో అరిగి ఊడిపోయినా, దాని కింది పన్నులో మళ్లీ పుచ్చు దాదాపు రాలేదు.

లోపాలు లేకపోలేదు. ఈ సిమెంటు పెళుసుది. పెద్దల దవడ పళ్ల మీద గట్టిగా నమిలే చోట పెద్ద ఫిల్లింగుకు కాంపోజిట్టే నిలుస్తుంది. రెసిన్ కలిపిన గ్లాస్ అయనోమర్ ఈ లోటును కొంత పూడ్చింది. పాలపళ్లు, చిగురు దిగినప్పుడు బయటపడే పంటి వేళ్లు, వృద్ధుల నోళ్లు దీని అసలు క్షేత్రం. 1980ల మధ్యలో టాంజానియాలో కరెంటు, డ్రిల్లు లేకుండా చేతి పనిముట్లతో పుచ్చు తీసి చికిత్స చేసే పద్ధతి మొదలైంది. నింపడానికి తర్వాత స్థిరపడింది ఈ సిమెంటే, పన్నును చెక్కకుండానే అతుక్కుంటుంది కాబట్టి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, బడి ఆరోగ్య శిబిరాల్లో దీన్ని ఇంకా చాలా ఎక్కువగా వాడాలని నా గట్టి అభిప్రాయం.

నోట్లో ఇప్పటికే ఈ సిమెంటు ఉన్నవారు రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుని, నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేయాలి. నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది కాబట్టి పేస్టులోని ఫ్లోరైడ్ త్వరగా కొట్టుకుపోదు, సిమెంటులోకి ఎక్కడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది.